మూత లేని కెమెరా

పోయిన వారం దర్జీ పిన్నిని పాత కంప్యూటర్ల షాపు గాజు తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో జిప్పు వేయని సంచీ. పక్కన అక్క కూతురు. ఈ అక్క కూతురు చిన్నప్పుడు కోటు బొత్తాం మింగేసి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రికి పరిగెత్తించింది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళొచ్చి, లైబ్రరీలో కంప్యూటర్ల పని చూస్తూ నలుగురి చేత మేడమ్ అనిపించుకుంటున్నా, పిన్నికి మాత్రం బొత్తామే.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు చెప్పేస్తే నా బాధ్యత తీరిపోతుంది. పిన్ని ముప్పై ఏళ్ళుగా కోట్లు కుట్టి బతుకుతున్న ఒంటరి మనిషి. కింద కుట్టుగది, పైన పడకగది, అదే ఆవిడ లోకం. టీవీ రిమోట్‌ని కూడా వేలితో నొక్కదు, షాక్ కొడుతుందేమోనని గోటితో నొక్కుతుంది. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్న లైబ్రరీ తలుపులు తీయగానే ఎదురుగా ప్రత్యక్షమై, "నాకో కంప్యూటర్ కొనిపెట్టవే బొత్తాం. ఇవాళే కావాలి. నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి" అంది. ఎందుకే పిన్నీ అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడుస్తున్నావేంటంటే, ఏడవట్లేదంది. బొత్తాం ఇంకేమీ అడగలేక, మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి బయల్దేరింది. అప్పటికే రెండు షాపులు తిరిగారు. ఇది మూడోది.

వాళ్ళు లోపల అడుగు పెట్టేసరికి గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

షాపాయన మంచి మనిషే కానీ మాటల మనిషి. ఒక వైరు కొనుక్కుందామని వచ్చినవాడు కూడా అరగంట తర్వాత గానీ బయటపడలేడు. ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు బొత్తిగా కొత్తవారు అని తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"మొదటి కంప్యూటరామ్మా? అయితే కొత్తది కొనకండి" అన్నాడు. కొత్తవి అమ్మని మనిషి అంతకంటే ఏమంటాడు? కానీ ఈసారి ఆయన చెప్పింది నిజమే. బొత్తాం మనసులో ఉన్నదీ అదే. ఏదో ఒక ఆఫీసులో రెండు మూడేళ్ళు వాడి పక్కన పెట్టిన గట్టి యంత్రం, పెద్ద మీటలు, పెద్ద అక్షరాలు కనిపించే తెర. పిన్నికి అది చాలు. మిగతావన్నీ షోకు.

"పైగుడ్డ కాస్త వెలిసినా ఫరవాలేదు పిన్నీ, లోపల లైనింగు గట్టిగా ఉండాలి" అని ఆవిడ భాషలోనే చెప్పి, బల్ల మీదున్న మూడింటిలో బూడిదరంగుదాన్ని ముందుకి జరిపింది. "దీనికి మెమరీ ఎక్కువ. నువ్వు పది పనులు ఒకేసారి చెప్పినా కంగారు పడదు. ఇలా రా, ఒకసారి మీట నొక్కి చూడు."

పిన్ని పొయ్యి మీది గిన్నెని ముట్టుకున్నట్టు వేలితో తాకి వెనక్కి తీసుకుంది. ఎవరికో వినపడాలన్నట్టు గొంతు పెంచింది.

"దీనికి కెమెరా ఉందా?"

"ఉందమ్మా, పైన ఆ చిన్న చుక్కే. మీరు వద్దనుకున్నప్పుడు ఈ మూత ఇలా జరుపుకుంటే సరి" అని షాపాయన చేసి చూపించాడు.

"మూత వద్దు. మూత లేంది కావాలి."

"మూత ఉంటే మీకే మంచిదమ్మా."

"వద్దన్నాగా బాబూ!"

ఆ గొంతులో వణుకు విని బొత్తాం ఆవిడ వైపు తిరిగింది. ఎంత పిసినారి గిరాకీ వచ్చినా విసుక్కోని పిన్ని ఇలా మాట్లాడటం తను ఎప్పుడూ వినలేదు.

"మూత లేని కెమెరా దేనికి పిన్నీ?"

"చూడ్డానికి."

"ఏం చూస్తావు దాంట్లో?"

"నేను చూడ్డానికి కాదే. నన్ను చూడ్డానికి" అనేసి పిన్ని నాలుక కరుచుకుంది. కరుచుకుని బొత్తాం వైపు చూడలేదు, షాపాయన వైపూ చూడలేదు. చేతిలోని సంచీ వైపు చూసింది.

బొత్తాం చేయి చాచి పిన్ని చేతిలోని చీటీ తీసుకోబోతే, అది షాపాయన చేతికి ముందే వెళ్ళిపోయింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

"పదిహేడంగుళాల తెర. బరువు కిలో లోపు. సీడీ పెట్టుకునే అర. మూత లేని కెమెరా. సీలు విప్పని కొత్తది. ధర పాతవాటి ధరే ఉండాలి." చదివి నవ్వాడు. "ఇదెవరు రాయించారమ్మా మీ చేత? పదిహేడంగుళాల తెర ఉన్నది కిలో లోపు ఎలా తూగుతుంది? పైగా సీడీ అరా? ఇలాంటిది ఇంతవరకూ ఎవడూ తయారు చెయ్యలేదు. మీరు సాయంత్రం దాకా కాళ్ళరిగేలా తిరిగినా ఏ షాపులోనూ దొరకదు."

"దొరకదా?" పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అలా అనకు బాబూ. దొరకాలి. నాలుగింటికి దొరక్కపోతే..."

మిగతా మాట మింగేసి సంచీని గుండెకి హత్తుకుంది.

బొత్తాం చీటీ తీసుకుని చూసింది. అది పిన్ని కొలతల పుస్తకంలోంచి చింపిన కాగితం. పిన్ని ఎవరి పేరూ రాసుకోదు. పేర్లు మర్చిపోతానుగానీ మనుషుల్ని మర్చిపోనంటుంది. కొలతల పైన మనిషి గుర్తు రాసుకుంటుంది: కుడి భుజం దిగుడు, నవ్వితే దగ్గు, జేబులో చెయ్యి తియ్యడు. ఈ చీటీ పైన కూడా ఆ అలవాటు ప్రకారమే ఒక గుర్తుంది.

మెత్తగొంతు. నిద్రపోడు.

బొత్తాం ఆ రెండు ముక్కలూ రెండుసార్లు చదివింది. అప్పుడు గానీ ఆ పిల్లకి పొద్దుట్నుంచి చూస్తున్నది కనపడలేదు. పిన్ని ఎక్కడికెళ్ళినా ఆ సంచీ జిప్పు వేయడం లేదు. బస్సులో కూడా దాన్ని గుండెకి ఆనించుకుని, మాట్లాడినప్పుడల్లా కాస్త ముందుకి వంగుతోంది. అక్క కూతురితో కాక సంచీతో మాట్లాడుతున్నట్టుంది వరస.

బొత్తాం మెల్లగా సంచీ అంచు లాగి లోపలికి తొంగి చూసింది. కళ్ళజోడు పెట్టె, దారపు కండె, వాటి మధ్య వెలుగుతున్న ఫోను. దానికో చార్జింగు డబ్బా కూడా తగిలించి ఉంది. ఫోను తెర మీద అంకెలు కదులుతున్నాయి. ఎవరితోనో మాట్లాడుతున్న కాల్. మొదలై తొమ్మిది గంటల పద్నాలుగు నిమిషాలు.

అంటే తెల్లవారుజాము నుంచి. అంటే ఇప్పటిదాకా ఇక్కడ అన్న ప్రతి మాటా ఎవరో వింటూనే ఉన్నారు.

బొత్తాం నోరు తెరవబోయింది. పిన్ని రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపుతూ, మాట్లాడొద్దని కళ్ళతోనే బతిమాలింది. ఆ కళ్ళ కింద నల్లటి వలయాలు ఉన్నాయి. మధ్యాహ్నం నుంచీ పక్కనే నడుస్తూ వాటిని చూడనందుకు బొత్తాంకి తన మీద తనకే అసహ్యం వేసింది.

బల్ల మీదున్న బిల్లు పుస్తకం లాక్కుని, వెనకవైపు రాసి షాపాయన ముందు పెట్టింది. 'ఆ ఫోన్లో ఎవరో వింటున్నారు. ఆపకుండా మాట్లాడండి. కంప్యూటర్ల గురించి. గట్టిగా.'

ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఆయన్ని ఆపకుండా మాట్లాడమని కోరిన గిరాకీ ఇదే మొదలు. కానీ పాపం ఆ సుఖం అనుభవించే యోగం లేదు. సంచీలోకి ఒకసారి చూసి బిక్కచచ్చిపోయాడు. గుటకలు మింగి, "అయితే... అయితే హార్డ్ డిస్కు సంగతి చెప్తాను వినండమ్మా" అని మొదలుపెట్టాడు. పాత రకం డిస్కు గిర్రున తిరుగుతుందనీ, కొత్త రకంలో తిరిగేదేమీ ఉండదనీ, తిరగనిదే త్వరగా పనిచేస్తుందనీ చెప్పుకుంటూ పోయాడు.

ఆ మాటల చాటున బొత్తాం పిన్నిని స్టూలు మీద కూర్చోబెట్టి, కాగితం మీద ఒక్క ముక్క రాసింది. 'ఎవరు?'

పిన్ని పెదాలు కదిలాయి. బొత్తాం చప్పున ఆవిడ నోరు మూసి పెన్ను చేతిలో పెట్టింది.

పిన్ని కొలతలు రాసినట్టే రాసింది, ఒకదాని కింద ఒకటి. 'పెద్ద ఆఫీసరు. తొమ్మిది రోజులు. రైలు పట్టాల దగ్గర శవం. ఒంటి మీద నా కోటు. నా గుర్తు.'

పిన్ని కుట్టే ప్రతి కోటుకీ కాలరు లోపల, మడత కింద, ఎర్రదారంతో మూడు అడ్డకుట్లు ఉంటాయి. విప్పి చూస్తే గానీ కనపడవు. తొడుక్కున్నవాడికి కూడా తెలియవు. అది తెలిసినవాడు ఫోన్ చేస్తే ఆవిడ ఆఫీసరని నమ్మకేం చేస్తుంది?

పిన్ని ఇంకా రాస్తూనే ఉంది. 'ఫోను ఆపకూడదు. తెగితే వెంటనే వాడే మళ్ళీ చేస్తాడు. రాత్రి పక్కలోనే. గురక వినపడాలన్నాడు. నాకు గురక రాదు. నటిస్తున్నా.'

తొమ్మిది రాత్రులు. కళ్ళు తెరుచుకుని పడుకుని, ఎవడో పరాయివాడి కోసం గురక పెడుతూ. మామూలుగా అయితే ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. బొత్తాంకి ఏడుపు పొంగుకొచ్చింది. పిన్ని చేయి గట్టిగా పట్టుకుంటే అది మంచుముక్కలా ఉంది.

'నాకెందుకు చెప్పలేదు?' అని రాసింది.

'చెప్తే నిన్నూ పట్టుకెళ్తారు.'

"...అందుకని తెర ముఖ్యమమ్మా, తెర మంచిది కాకపోతే కళ్ళు లాగుతాయి" అంటూ షాపాయన చొక్కా చేతికి చెమట తుడుచుకున్నాడు. గడియారం మూడు కావస్తోంది.

'నాలుగింటికి ఏంటి?'

'కంప్యూటర్ కుట్టుగదిలో పెట్టాలి. అప్పట్నుంచి కెమెరా ముందే. బయటికి రాకూడదు.' ఒక్క క్షణం ఆగి కింద ఇంకో వరస చేర్చింది. 'ఇవాళ ఇంట్లో తనిఖీ. తలుపు తాళం వెయ్యొద్దన్నారు. నాలుగింటిదాకా నేను అక్కడ ఉండకూడదు.'

బొత్తాం ఆ వరస చూసింది. తర్వాత లోకంలో ఎక్కడా లేని ఆ కంప్యూటర్ చీటీ చూసింది. దొరకని వస్తువు కోసం పంపితే మనిషి ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది. భయం ఉన్నచోటే కోపం కూడా రాజుకుంది. అదే కొంప ముంచింది. కాస్త ఆలోచించి రాసి ఉంటే నాలుగు ముక్కల్లో పోయేది. పెన్ను కాగితంలో దిగబడేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పిన్ని ముందుకి తోసింది.

ఇక్కడ పిన్ని తప్పేమీ లేదని నేను ఎవరి ముందైనా సాక్ష్యం చెప్తాను. ముప్పై ఏళ్ళుగా ఆవిడ కాగితం అన్నది పైకే చదివింది. చీటీ ఎదురుగా పెట్టుకుని ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు అని గొంతెత్తి చదివితే తప్ప ఆవిడ చేతిలో కత్తెర కదలదు. ఉత్తరం వచ్చినా అంతే, మందు సీసా మీది కాగితమైనా అంతే. చిన్న ముక్కలైతే బొత్తాం చేయి అడ్డం పెట్టి ఆపగలిగింది. ఇంత పొడుగు వరస, ఇంత పెద్ద అక్షరాలు కళ్ళ ముందు పడేసరికి పిన్ని నోరు దాని పని అది చేసేసింది. సరిగ్గా అప్పుడే షాపాయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు.

"వాడు ఆఫీసరు కాదు పిన్నీ, దొంగ. నిన్ను ఇంట్లోంచి పంపడానికే ఈ చీటీ" అని చదివింది పిన్ని, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

పిన్ని తనేం చదివిందో అర్థమై రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మేడమ్" అంది సంచీ.

నిజంగానే మెత్తటి గొంతు. నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపేటప్పుడు వాడే గొంతు.

"మేడమ్, మీకు మొదటిరోజే చెప్పాను. ఎవరికైనా చెప్తే వాళ్ళ పేరు కూడా కేసులో రాయాల్సి వస్తుందని చెప్పానా లేదా?"

"చెప్పారు బాబూ" అంది పిన్ని. స్టూలు మీంచి లేచి, ఎదురుగా మనిషి ఉన్నట్టే సంచీ ముందు నిలబడింది. "దానికేం తెలీదు. అది చిన్నపిల్ల. అదేదో పిచ్చిరాత రాసింది, నేను చదివాను. దాని పేరు రాయకండి. కావాలంటే ఇప్పుడే నన్ను తీసుకెళ్ళండి. నేను వచ్చేస్తాను. దాని జోలికి మాత్రం రాకండి."

ముప్పై నాలుగేళ్ళ చిన్నపిల్ల ఆ మాటలు విని తట్టుకోలేకపోయింది. సంచీలో చేయి పెట్టి ఫోను బయటికి లాగింది.

"ఎవర్రా నువ్వు? ఏ స్టేషను? నీ పేరు చెప్పు!" అని అరిచింది. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది మెత్తగొంతు, ఏమాత్రం తొణక్కుండా. ఫోనుని ఏదో చెక్క మీద పెట్టిన చప్పుడైంది. దూరంగా వెళ్తున్న అడుగులు వినిపించాయి.

"పిన్నీ, కట్ చేసేద్దాం. చేసేసి తిన్నగా పోలీసుల దగ్గరికి..."

"ఆగు!" పిన్ని చటుక్కున బొత్తాం మణికట్టు పట్టుకుంది. "మాట్లాడకు."

ఆవిడ ఫోను తన చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకుంది. బొత్తాం కూడా తల దగ్గరికి పెట్టి వింది. మనిషి గొంతు లేకపోయేసరికి వెనకాల ఉన్నది వినిపిస్తోంది. టకటక, టకటక, టకటక. సన్నగా, ఆగకుండా.

"అది నా మిషను" అంది పిన్ని.

షాపాయన కుర్చీలో కూలబడ్డాడు.

"తనిఖీకొచ్చినవాళ్ళు మిషను కుట్టడమేంటి పిన్నీ? ఏదైనా మోటారు చప్పుడేమో?"

"నా మిషను చప్పుడు నాకు తెలీదుటే?" అంది పిన్ని. ఇంతసేపూ వణికిన గొంతులో ఇప్పుడు వణుకు లేదు. అది చూసి బొత్తాంకి ఇంకా భయమేసింది. "మా నాన్న మిషనది. కొత్తవాళ్ళు కాలు పెడితే చక్రం వెనక్కి తిరిగి దారం తెంపేస్తుంది. నా దగ్గరికొచ్చిన దర్జీలు ఎంతమందో దాని మీద కూర్చుని చేతులెత్తేశారు. ఇది విను. ఎక్కడా తెగట్లేదు." మళ్ళీ చెవి పెట్టింది. "ఇప్పుడు మూల తిప్పింది. సూది దించి తిప్పింది. అడ్డకుట్టు వేస్తోంది."

"వేస్తోందా? ఆడమనిషా?"

పిన్ని బొత్తాం ముఖంలోకి చూసి, చూడలేనట్టు కళ్ళు దించుకుంది.

"ఎవరు పిన్నీ? ఎవరది?"

"నాన్న ఆ మిషను తొక్కడం ఇద్దరికే నేర్పాడు" అంది నెమ్మదిగా. "నాకూ, మీ అమ్మకీ. మీ అమ్మ నా గడప తొక్కి పదకొండేళ్ళయింది."

ఛ, అమ్మేంటి, అమ్మ అక్కడ ఉండటమేంటి అనుకుంది బొత్తాం. అమ్మ పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికని బయల్దేరింది. కళ్ళలో చుక్కలు వేస్తారు, సాయంత్రం దాకా ఫోన్ చెయ్యకు అని గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు ఎందుకు చెప్పిందో అప్పుడు ఆలోచించలేదు. ఇష్టపడి వెళ్ళిందా? ఎవరైనా మెడ మీద కత్తి పెట్టి కూర్చోబెట్టారా? లేక పిన్ని చెవే పొరబడుతోందా? పిన్ని చెవి పొరబడితే బాగుండునని ఎంతమంది దేవుళ్ళు గుర్తొస్తే అంతమందికీ మొక్కుకుంటూ తన ఫోను తీసింది. వేళ్ళు రెండుసార్లు తప్పు చోట పడ్డాయి. మూడోసారికి అమ్మ నంబరు కలిసింది.

కుడిచెవిలో తన ఫోను మోగుతోంది. ఎడమవైపు పిన్ని చేతిలో, ఆవిడ ఫోన్లోంచి, టకటక సాగుతూనే ఉంది.

ఒకసారి మోగింది. రెండోసారి మోగింది.

మిషను ఆగింది.

అవతల కుట్టుగదిలో, కాస్త దూరంగా, ఒక ఫోను మోగుతున్న చప్పుడు పిన్ని చేతిలోంచి సన్నగా వినిపించింది. కుర్చీ జరిగింది. ఎవరో దబదబా అటు నడిచారు. బొత్తాం చెవిలో మోత ఠక్కున తెగిపోయింది.